గుయ్, సర్, కీ: ఆంప్ రొదకి ఒక పల్నాటి చరిత్ర

ఎలక్ట్రిక్ గిటారు ఆంప్ ఆన్ చేసి, ఏమీ వాయించకుండా కూర్చుంటే వినపడే చప్పుళ్లకి ఇంగ్లీషులో హమ్, హిస్, వైన్ అని విడివిడి పేర్లున్నాయి. నరసరావుపేటలో మా వీధి ఎలక్ట్రీషియన్‌కి ఆ పేర్లతో పనిలేదు. "గుయ్యిమంటందా, సర్రుమంటందా, కీమంటందా?" అని అడుగుతాడు. జవాబు విన్నాకే జేబులోంచి టెస్టర్ తీస్తాడు. ధ్వన్యనుకరణ పదాలనగానే మనకి పిల్లల పాటలో, వాన మీద కవితలో గుర్తొస్తాయి గానీ, అవి రోగం కనిపెట్టడానికి కూడా బాగా పనికొస్తాయి. గుయ్ అంటే కరెంటు. సర్ అంటే వేడి. కీ అంటే కంప్యూటర్. మూడూ పుట్టిన చోట్లు వేరు, కాలాలు వేరు, మందులు వేరు.

నాది చిన్న డిజిటల్ ఆంప్. లోపల వాల్వులుండవు. పాతకాలపు వాల్వ్ ఆంప్‌లు ఎలా ప్రవర్తిస్తాయో లెక్కగట్టి అచ్చం అలాగే పలికించే చిప్ ఒకటి ఉంటుంది. 2020లో ఆఫీసులన్నీ ఇళ్లకొచ్చేసినప్పుడు హైదరాబాద్ నుంచి నాతోపాటు పేటకొచ్చింది. అక్కడి ఫ్లాట్‌లో బుద్ధిగా ఉన్న పెట్టె ఇక్కడ మేడ మీద గదిలో పెట్టగానే గుయ్యిమనడం మొదలెట్టింది. అదే గిటారు, అదే కేబుల్, అదే లాప్‌టాప్. మా వృత్తిలో బగ్ వెతికేటప్పుడు మొదట అడిగే ప్రశ్న, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది అని. ఇక్కడ మారింది ఊరొక్కటే. అంచేత ఊరి చరిత్రే తిరగెయ్యాల్సొచ్చింది.

*

ముందు గుయ్ సంగతి. మన ఇళ్లలోకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఈ 50 ఆకాశం నుంచి ఊడిపడ్డ అంకె కాదు. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఏఈజీ కంపెనీ 50 దగ్గర స్థిరపడితే, అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 60 దగ్గర స్థిరపడింది. మనకి యూరప్ దారిలో 50 వచ్చింది. గిటారు వాళ్లకి దీనివల్ల ఓ విచిత్రమైన ఫలితం ఉంది. అమెరికా ఆంప్‌లో పలికే 60 హెర్ట్జ్, బి ఫ్లాట్‌కీ బి కీ దాదాపు సరిగ్గా మధ్యలో పడుతుంది. అంటే ఏ స్వరానికీ చెందదు. మన 50 మాత్రం జి స్వరానికి కాస్త పైన ఉంటుంది. జి కచ్చితంగా 49 హెర్ట్జ్. ఆ తేడా ఒక అర్ధస్వరంలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. జి స్కేల్‌లో పాట వాయిస్తుంటే వెనకాల ఎవరో శ్రుతి తప్పిన తంబురా పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది.

మరి కరెంటు ఎప్పుడైనా 49కి దిగి శ్రుతిలో పడిందా? పడింది. నా చిన్నప్పుడు బాగానే పడేది. గ్రిడ్ అంటే వందల జనరేటర్లు ఒకే లయలో తిరగడం. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే అన్నీ కలిసే నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ కలిసే పడిపోతుంది. 1956 నాటి విద్యుత్ నిబంధనలు 50కి అటూ ఇటూ 3 శాతం తేడాని ఒప్పుకున్నాయి. అంటే 48.5 నుంచి 51.5 దాకా. కాలిక్యులేటర్ తీసి చూస్తే ఈ పరిధి దాదాపు సరిగ్గా ఒక అర్ధస్వరం. కీబోర్డ్ మీద ఓ మెట్టు అంత దూరం కరెంటు చట్టబద్ధంగా జారొచ్చన్నమాట. సాయంత్రం ఊళ్లో దీపాలు వెలిగి, పొలాల్లో మోటార్లు అందుకున్నాక అది ఆ అడుగు మెట్టు కిందికీ దిగిపోయిన రోజులున్నాయి. ఫ్యాన్ నీరసంగా తిరగడం అందరికీ కనపడేది. దాంతోపాటు ఊరంతటి ట్యూబ్‌లైట్ చోకులూ, ట్రాన్స్‌ఫార్మర్లూ, గుడి మైక్‌సెట్లూ ఒక్కసారిగా శ్రుతి దించుకునేవని ఎవరికీ తట్టలేదు.

పల్నాడు వాళ్లకి కరెంటంటే సాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలింది. కుడికాలువ మీద కూడా పవర్‌హౌస్ ఉంది, 30 మెగావాట్ల యూనిట్లు మూడు. అయితే నా ఆంప్‌లో వినపడే గుయ్ సాగర్‌ది అనుకుంటే అది సెంటిమెంటే. గ్రిడ్‌లో కలిశాక ఏ ఊరి కరెంటు ఏ నది నుంచి వచ్చిందో చెప్పడం, సముద్రంలో కృష్ణ నీళ్లు వేరు చేసి చూపించడం లాంటిది. కాకపోతే ఆ సముద్రానికి చాలా కాలం ఒక గట్టు ఉండేది. దక్షిణాది రాష్ట్రాల గ్రిడ్ వేరు, మిగతా దేశపు గ్రిడ్ వేరు. రెండింటి లయలూ వేరు. విశాఖ దగ్గర గాజువాకలో ఆ గట్టు మీద ఓ తలుపు ఉంది. తూర్పు నుంచి వచ్చే ఏసీ కరెంటుని డీసీగా మార్చి, మళ్లీ దక్షిణాది లయలో ఏసీ చేసి ఇటు పంపే స్టేషన్ అది. తాళాలు కలవని రెండు బృందాల మధ్య నిలబడ్డ దుబాసీ అనుకోవచ్చు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం మొత్తం చీకట్లో మునిగినప్పుడు మన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయంటే ఆ గట్టు పుణ్యమే.

2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్ల మధ్య 765 కేవీ లైను మీదుగా రెండు గ్రిడ్‌లనీ ఒకే లయలోకి కలిపేశారు. ఒక దేశం, ఒక గ్రిడ్, ఒక ఫ్రీక్వెన్సీ అన్నారు. సరిగ్గా ఆ క్షణం నుంచి నరసరావుపేట ఆంప్‌లో వినపడే గుయ్, లుధియానా ఆంప్‌లో వినపడే గుయ్ ఒకే శ్రుతిలో ఉన్నాయి. ఈ వాక్యాన్ని ఎవరైనా జాతీయ సమైక్యతా వ్యాసంలో వాడుకోవచ్చు, నాకభ్యంతరం లేదు. అంతకు ముందే 2003 జనవరి నుంచి దక్షిణాదిలో కొత్త టారిఫ్ పద్ధతి వచ్చింది. ఫ్రీక్వెన్సీ పడిపోయినప్పుడు గ్రిడ్ నుంచి కేటాయింపుకి మించి లాగితే ఎక్కువ డబ్బు కట్టాలి. అప్పట్నుంచే లయ కుదురుకోవడం మొదలైంది. ఇప్పుడు గ్రిడ్ కోడ్ ఒప్పుకునే పరిధి 49.90 నుంచి 50.05. అర్ధస్వరంలో ఇరవయ్యో వంతు. చెవికి పట్టనంత చిన్నది.

*

గుయ్ ఎక్కడ పుట్టిందో తెలిసినంత మాత్రాన అది ఆంప్‌లోకి ఎలా దూరిందో తెలిసినట్టు కాదు. దానికి మూడు దారులున్నాయి.

మొదటిది గిటారే. తీగల కింద పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగ. తీగ కదలికని పట్టినట్టే గోడలో కరెంటు వైర్ల అయస్కాంత క్షేత్రాన్నీ పడుతుంది. గిటారు పట్టుకుని కుర్చీలో గుండ్రంగా తిరగండి. ఓ దిక్కున గుయ్ తగ్గి, ఇంకో దిక్కున పెరిగితే దోషి పికప్. దీనికి మందు 1955లోనే దొరికింది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీర్ రెండు చుట్టల్ని ఎదురెదురుగా కలిపి, గోడ నుంచి వచ్చే రొద ఒకదానికొకటి కొట్టేసుకునేలా, తీగ నాదం మాత్రం కూడుకునేలా చేశాడు. హంబకర్ అంటారు. ఇంత అందమైన పరిష్కారాలు ఇంజనీరింగ్‌లో ఎక్కువ దొరకవు.

రెండోది లూప్. ఆంప్ ఒక సాకెట్లో, లాప్‌టాప్ ఇంకో సాకెట్లో ఉంటాయి. రెండింటికీ గోడలోంచి ఎర్త్ ఉంది, మధ్యలో యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకోసారి కలిశాయి. ఆ వలయంలో చిన్న కరెంటు తిరిగి సిగ్నల్‌లో కలుస్తుంది. దీన్ని పట్టుకునే పద్ధతి మా వాళ్లు కోడ్‌లో బగ్ పట్టే పద్ధతే: సగానికి తెంచు, రొద ఏ సగంలో ఉందో చూడు, ఆ సగాన్ని మళ్లీ సగం చెయ్యి. గిటారు కేబుల్ పీకేస్తే పోయిందా? పోకపోతే గిటారు నిర్దోషి. యూఎస్‌బీ పీకితే పోయిందా? లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే పోయిందా? అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే తగ్గిందా? నాలుగు ప్రశ్నల్లో తేలిపోతుంది.

మూడో దారి దగ్గరే పల్నాడు అడ్డొచ్చింది. అది అసలు ఎర్త్ లేకపోవడం.

మా మేడ గది సాకెట్‌కి మూడు చిల్లులుండేవి. పై చిల్లు వెనకాల పచ్చ వైరు కూడా ఉండేది. ఆ వైరు గోడల్లోంచి దిగి పెరట్లో ఎర్త్ గుంట దాకా వెళ్లేది. గుంట మాత్రం ఎండిపోయింది. ఎర్త్ అంటే భూమి, భూమికి తడి ఉండాలి. పల్నాడు నేల కింద చాలాచోట్ల ఉన్నది సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీలకీ, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలకీ, మాచర్ల నాపరాళ్లకీ అన్నం పెట్టిన రాయి. అదే రాయి ఎండాకాలంలో కరెంటుని లోపలికి రానివ్వదు. అందుకే గుంటలో బొగ్గూ ఉప్పూ పోసి జీఐ పైపు దించుతారు, వేసవిలో బిందెడు నీళ్లు పోస్తారు. మా అమ్మమ్మ తులసికోటకి పోసినంత శ్రద్ధగా ఎర్త్ గుంటకీ పోసేది. కారణం ఎవరూ చెప్పలేదు, పోస్తే మంచిదని మాత్రం చెప్పారు. ఆమె పోయాక ఆ ఆచారం కూడా పోయింది.

ఎర్త్ లేకపోతే ఛార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల మీదుగా లాప్‌టాప్ లోహపు ఒంటి మీదకి సగం మెయిన్స్ వోల్టేజి, అంటే 115 వోల్టుల దాకా వచ్చి కూర్చుంటుంది. దాని వెనక కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రమాదం లేదు, మూత మీద వేలు రాస్తే జిమ్మని మాత్రం అంటుంది. ఆ జిమ్మే కేబుల్ వెంట ఆంప్‌లోకెళ్లి గుయ్ అవుతుంది.

మా ఎలక్ట్రీషియన్ ముందు చెప్పిన వైద్యం వేరు. "ఎర్త్ పిన్ను తీసేయ్ తమ్ముడూ, సౌండ్ పోద్ది. మైక్‌సెట్లోళ్లందరూ అంతే చేస్తారు."

"పోద్ది అన్నా, దాంతోపాటు ఇంకేం పోద్దో?" అన్నాను. నవ్వాడు. ఆయనకి తెలీక కాదు. గుంట కొత్తగా తవ్వడానికి రెండు వేలవుతుంది, పిన్ను విరవడానికి ఏమీ కాదు. అంతే తేడా.

ఆ తేడాకి గిటారు చరిత్రలో పేర్లున్నాయి. 1972 మే 3న వేల్స్‌లో స్వాన్సీ నగరంలో, స్టోన్ ద క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే స్టేజీ మీద ఎర్త్ సరిగ్గా లేని మైక్‌ని పట్టుకుని, ప్రేక్షకులు చూస్తుండగా షాక్ కొట్టి చనిపోయాడు. 1976 మేలో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంట్లోనే గిటారు వాయించుకుంటూ అలాగే పోయాడు. గిటారు తీగలు ఆంప్ ఎర్త్‌కి కలిసే ఉంటాయి. ఒక చెయ్యి తీగల మీద, పెదాలు మైక్ మీద ఉంటాయి. ఆంప్‌కి ఒక ఎర్త్, మైక్‌సెట్‌కి ఇంకో ఎర్త్, ఒకదానికి పిన్ను విరిగింది. మధ్యలో ఉన్న వైరు మనిషే. పెళ్లి స్టేజీల మీద, తిరునాళ్ల పందిళ్లలో, ఆదివారం ప్రార్థనల్లో గిటారు పట్టుకుని మైక్ ముందు నిలబడే పదహారేళ్ల కుర్రాళ్లని చూసినప్పుడల్లా నా కళ్లు ముందు ప్లగ్గు వైపే వెళ్తాయి. రొద పోగొట్టాలంటే ఎర్త్ తెంపొచ్చు, కాకపోతే సిగ్నల్ దారిలో, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తెంపాలి. డీఐ బాక్సుల మీద గ్రౌండ్ లిఫ్ట్ అని రాసి ఉండే స్విచ్ చేసే పని అదే. కరెంటు దారిలో ఎర్త్ ఎప్పుడూ తెంపకూడదు. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

గుంట తవ్వించాం. గుయ్ ముప్పాతిక వంతు పోయింది.

*

సర్ కథ వేరు. దానికి ఊరూ లేదు, మందూ లేదు. 1928లో అమెరికాలో బెల్ లాబ్స్‌లో జాన్ జాన్సన్ అనే ఆయన, ఏ వైరునైనా ఊరికే కూర్చోబెట్టినా లోపలి ఎలక్ట్రాన్లు వేడికి కదులుతూ సన్నటి రొద చేస్తూనే ఉంటాయని కొలిచి చూపించాడు. పక్కనే పనిచేసే హ్యారీ నైక్విస్ట్ అది ఎంత ఉంటుందో సిద్ధాంతం కట్టాడు. వైరు ఎంత మంచిదైనా, కంపెనీ ఎంత గొప్పదైనా, సున్నా డిగ్రీల కెల్విన్ దాకా చల్లార్చితే తప్ప ఆ సర్ పోదు. అదే ఏడు నైక్విస్ట్ టెలిగ్రాఫ్ మీద ఇంకో పేపర్ రాశాడు. సిగ్నల్‌ని ముక్కలుగా పంపాలంటే సెకనుకి ఎన్ని ముక్కలు కావాలన్న ఆలోచనకి అది పునాది, ఇవాళ్టి డిజిటల్ ఆడియో అంతా దానిమీదే నిలబడింది. రొద ఎన్నటికీ పోదని తేల్చిన మనిషే, అదే సంవత్సరం, రొద లేదని గొప్పలు చెప్పుకునే టెక్నాలజీకి శంకుస్థాపన కూడా చేశాడు.

వేడికి సర్ పెరుగుతుందంటే రెంటచింతల వాళ్లు బాధపడక్కర్లేదు. రాష్ట్రంలో ఎండలకి పేరుపడ్డ ఊరది. 45 డిగ్రీల మధ్యాహ్నానికీ 20 డిగ్రీల ఏసీ గదికీ లెక్క కట్టాను. తేడా డెసిబెల్‌లో మూడో వంతు చిల్లర. చెవికి తెలీదు. మన ఆంప్‌లో సర్ ఎక్కువ వినపడటానికి కారణం ఎండ కాదు, గెయిన్. మెటల్ వాయించే సెట్టింగ్‌లో డిజిటల్ ఆంప్ లోపలికొచ్చిన సిగ్నల్‌ని 60 డెసిబెల్స్ పెంచిందంటే వెయ్యి రెట్లు పెంచినట్టు. తీగ నాదమూ వెయ్యి రెట్లు, పికప్‌లో ఎలక్ట్రాన్ల నసా వెయ్యి రెట్లు. "నా ఆంప్ పాడైపోయింది" అని వచ్చే కుర్రాళ్లలో సగం మందికి గెయిన్ కొంచెం తిప్పి ఇస్తే చాలు, బాగైపోతుంది.

కాసెట్ కాలంలో సర్ మీద జరిగిన పెద్ద యుద్ధానికి మన దేశంతో చుట్టరికం ఉందని చాలామందికి తెలీదు. రే డాల్బీ 1963 నుంచి రెండేళ్లు యునెస్కో సలహాదారుగా చండీగఢ్‌లో, కేంద్ర శాస్త్రీయ పరికరాల సంస్థలో పనిచేశాడు. అక్కడ మన సంగీతాన్ని టేపు మీద రికార్డ్ చేసుకుంటుంటే టేపు సర్ చిరాకు పెట్టిందనీ, డాల్బీ పద్ధతి ఆలోచన అక్కడే పుట్టిందనీ చెబుతారు. 1965లో లండన్ వెళ్లి కంపెనీ పెట్టాడు. పద్ధతి సింపుల్: మెత్తటి శబ్దాల్ని ముందే పెంచి రికార్డ్ చెయ్యి, వినేటప్పుడు అంతే తగ్గించు, దాంతో టేపు సర్ కూడా తగ్గుతుంది. తంబురా, సితార్ లాంటి వాద్యాల నాదం తీగ మీటిన తర్వాత చాలాసేపు సన్నగా సాగి, చివరికి టేపు రొదలోకి కరిగిపోతుంది. డ్రమ్స్ మోతలో అది వినపడదు. డాల్బీ చెవి మన సంగీతం దగ్గర ఎందుకు ఇబ్బంది పడిందో నాకు అర్థమవుతుంది.

*

ఇక కీ. ఇది అచ్చంగా మా తరం రొద. 1995లో రోలాండ్ వీజీ-8, 1998లో లైన్ 6 వాళ్ల చిక్కుడు గింజ ఆకారపు ఎర్రటి పాడ్ వచ్చాక గిటారు ఆంప్ మెల్లగా కంప్యూటర్ అయిపోయింది. కంప్యూటర్ అంటే లోపల గడియారాలు. యూఎస్‌బీ మామూలు వేగంలో మిల్లీసెకనుకోసారి డేటా మూట కట్టి పంపుతుంది, అంటే సెకనుకి వెయ్యి సార్లు. కరెంటు సరఫరాలో ఆ కుదుపు కనపడితే 1000 హెర్ట్జ్ కీ వినపడుతుంది. వేగం పెంచితే మూటలు 8000 అవుతాయి, కీ ఇంకా సన్నమవుతుంది. మౌస్ కదిపితే, స్క్రీన్ స్క్రోల్ చేస్తే శబ్దం మారిందంటే అనుమానమే అక్కర్లేదు. మంచి అడాప్టర్, సిగ్నల్ దారిలో ఐసోలేటర్, అంతే. దీనిమీద ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. గుయ్‌కున్న చరిత్ర, సర్‌కున్న తత్త్వం కీ కి లేవు.

*

అన్నీ అయ్యాక మిగిలిన రొదకి డిజిటల్ ఆంప్‌లో ఒక బటన్ ఉంటుంది. నాయిస్ గేట్. సిగ్నల్ ఫలానా మట్టానికి తగ్గగానే తలుపు మూసేస్తుంది. చాలా మంది ఇక్కడితో సమస్య తీరిందనుకుంటారు. నాకు గేట్ అంటే మొదట్నుంచీ గిట్టదు. మీటిన తీగ చివర్లో సన్నగా సాగే తోకని అది కత్తిరించేస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, మాండొలిన్‌ని ఎలక్ట్రిక్ చేసి, జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నది గొడవ పెంచడానికి కాదు. ఒకసారి మీటిన స్వరం గమకం పూర్తయ్యేదాకా బతికుండటానికి. ఆ తోకే మన సంగీతం. గేట్‌కి అది చెత్త.

గేట్ కంటే తెలివైనవి ఇప్పుడున్నాయి, అవి ఇంకా ప్రమాదం. 1979లో స్టీవెన్ బోల్ అనే పరిశోధకుడు మాటల రికార్డింగుల్లోంచి రొద తీసే పద్ధతి ఒకటి ప్రచురించాడు. మాట లేనప్పుడు వెనకాల నిలకడగా ఏముందో కొలువు, దాన్ని మొత్తంలోంచి తీసెయ్యి. ఫోన్లలో, మీటింగ్ ఆప్‌లలో ఇప్పుడున్నవి దీనికంటే చాలా ముందుకెళ్లాయి గానీ, లోపలి నమ్మకం అదే: కదిలేది మనిషి, కదలనిది రొద. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ సంగీతం క్లాసులు చెప్పిన గురువులందరికీ ఇది తెలుసు. తంబురా పెట్టిన రెండు సెకన్లకే అవతల శిష్యురాలికి వినపడటం మానేస్తుంది. ఆప్ దాన్ని ఫ్యాన్ అనుకుంది.

కదలని నాదాన్ని రొద అనుకోవడం మన చెవుల నమ్మకం కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద దారం పెట్టి, జరిపి జరిపి, ఆ గుయ్యి సరిగ్గా కుదిరేదాకా వెతుకుతాం. జీవం అంటాం దాన్ని. విశాఖలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్ 1921లో మన తీగవాద్యాల మీద పేపర్ రాస్తూ, తంబురా, వీణ బ్రిడ్జిలు పాశ్చాత్య భౌతికశాస్త్రం ఉండకూడదన్న స్వరాంశాల్ని కూడా పలికిస్తున్నాయని గమనించాడు. గుయ్ పోగొట్టడానికి ఒక దేశం, గుయ్ తెప్పించడానికి ఒక దేశం కష్టపడ్డాయని రాస్తే బాగుంటుంది గానీ అంత సూటిగా ఉండదు. రాక్ గిటారిస్టులు ఫీడ్‌బ్యాక్ కోసం ఆంప్ ముందు మోకరిల్లడం మనకి తెలిసిందే.

ఇదంతా నాకు సరదా ప్రశ్నగా ఉన్నంతకాలం ఉండి, ఒక కాసెట్‌తో సరదా పోయింది. మాచర్లలో ఒక స్నేహితుడి ఇంట్లో దొరికింది. అట్ట మీద బాల్‌పెన్‌తో "కారంపూడి, కోడిపోరు" అని మాత్రమే ఉంది, సంవత్సరం లేదు. కార్తీక మాసంలో కారంపూడిలో ఐదు రోజులు జరిగే వీరారాధనలో రాచగావు, రాయబారం, మందపోరు తర్వాత వచ్చే నాలుగో రోజు కోడిపోరు. ఎవరో మైక్‌సెట్ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి వీరవిద్యావంతుల పాట రికార్డ్ చేశారు. జోడు మోగుతోంది, తాళాలు, వెనకాల తోలుసంచి తిత్తి ఒకే శ్రుతిలో ఊదుతోంది. స్నేహితుడి బంధువు ఒకాయన ఎంతో ప్రేమగా దాన్ని సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేయించి అందరికీ వాట్సాప్‌లో పంపాడు. నా దగ్గర రెండూ ఉన్నాయి. శుభ్రం చేసిన దాంట్లో కథ స్పష్టంగా, అద్దంలా వినపడుతుంది. తిత్తి లేదు. నిలకడగా ఉంది కాబట్టి రొద అనుకుని తీసేసింది. గాయకుడు గాల్లో నిలబడి పాడుతున్నట్టుంటాడు. ఆయన ఏ శ్రుతి మీద ఆనుకుని ఆ కేకలు వేస్తున్నాడో తెలిపే ఆధారం పోయింది.

ఈ కథకి ఇది మొదటిసారేం కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల పాట పాడుతుంటే, కవి వాద్యం మోతని కూడా పద్యంలోకి అక్షరాలుగా ఎక్కించాడు. దాన్ని రాసింది వినుకొండ వల్లభరాయుడు, ఆ వినుకొండ ఇప్పుడు మన జిల్లాలోదే. (శ్రీనాథుడే రాశాడనేవాళ్లు అనుకోవచ్చు, ఆ గొడవ నాది కాదు.) అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రని అచ్చువేసినప్పుడు మోత మిగల్లేదు, మాట మిగిలింది. 1970ల్లో జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య పాడుతుంటే మొత్తం కథని టేపు మీదకెక్కించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. పుస్తకంలో మళ్లీ మాటే. అచ్చుకి మోతని ఉంచే దారి లేదు, దాన్ని తప్పుపట్టలేం. టేపుకి దారి ఉంది. దారి ఉన్నచోట కూడా అచ్చు లాగే మాట మాత్రం మిగిల్చి, దాన్ని శుభ్రత అనడమే నాకు మింగుడుపడలేదు.

శుభ్రం చెయ్యని ఫైల్‌ని నా దారిలో నేను చూశాను. స్పెక్ట్రోగ్రామ్‌లో గీతలుగా కనపడతాయి. కింద సన్నటి గీత ఒకటి, 103.2 హెర్ట్జ్ దగ్గర, చివరి దాకా ఉంది. కారంపూడి కరెంటు. రెక్టిఫయర్ దాటిన గుయ్ 50కి రెట్టింపు, 100 దగ్గర ఉండాలి. ఆ గీత ఒక్కదాన్నే ఇరుగ్గా కత్తిరిస్తే గుయ్ పోతుంది, తిత్తికి దెబ్బ తగలదు. కత్తిరించే ముందు ఆగాను. రికార్డింగులో ఇరుక్కున్న కరెంటు రొదని గ్రిడ్ లాగ్‌లతో పోల్చి, అది ఎప్పటిదో, మధ్యలో అతికించారో లేదో తేల్చే విద్య ఫోరెన్సిక్స్‌లో 2000ల నుంచి ఉంది. ఈ కాసెట్ కాలానికి నా దగ్గర లాగ్‌లు లేవు. ఉన్నది ఇంకో వాడకం. టేప్‌రికార్డర్ మోటార్ వేగం ఎప్పుడూ అటూ ఇటూగా ఉంటుంది, కాబట్టి కాసెట్‌లో వినపడే శ్రుతి అసలు శ్రుతి కాదు. అసలు తెలిసిన స్వరం ఒక్కటి దొరికితే దాన్నిబట్టి మొత్తం సరిచేయొచ్చు. ఆ ఒక్క స్వరం ఈ గుయ్యే.

అయితే ఆ రోజుల్లో గ్రిడ్ 48.5 నుంచి 51.5 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 51.5 దగ్గర ఉండి ఉంటే టేపు దాదాపు సరైన వేగంతోనే ఉంది. 48.5 దగ్గర ఉండి ఉంటే టేపు 6 శాతం పైచిలుకు ఎక్కువ వేగంగా తిరుగుతోంది. కాసెట్‌లో తిత్తి డి పలుకుతోంది. అంటే ఆ రాత్రి కారంపూడిలో అది డి కి, దాని కింద సి షార్ప్‌కి మధ్యలో ఎక్కడైనా పలికి ఉండాలి. ఇరవయ్యో నిమిషం దగ్గర గుయ్ గీత మెల్లగా కిందికి జారుతుంది, తిత్తి గీత కదలదు. టేపు నెమ్మదిస్తే రెండూ కలిసి జారాలి. కాబట్టి జారింది గ్రిడ్. ఎక్కడో మోటార్లు ఆన్ చేశారు. ఆ లెక్కన ఫ్రీక్వెన్సీ తక్కువ వైపే ఉండి ఉంటుందని నా అంచనా. తిత్తిని సి షార్ప్ దగ్గర పెట్టి, ఫైల్ వేగం తగ్గించి, గుయ్‌ని అలాగే ఉంచి, మాచర్లకి పంపాను.